రైఫిల్ గొట్టం: సరిదిద్దడమా, మార్చడమా

రైఫిల్‌లో మిగతా భాగాలకన్నా ముందు ముసలిదయ్యేది గొట్టం. బోల్టు, ట్రిగ్గరు, చెక్క కుందా సరిగ్గా చూసుకుంటే రెండు మూడు తరాలు పనిచేస్తాయి. గొట్టం మాత్రం పేల్చిన ప్రతి తూటాకూ లోపల కొంత లోహాన్ని పోగొట్టుకుంటుంది. పేల్చకుండా బీరువాలో పెడితే తుప్పుకు పోగొట్టుకుంటుంది. గురి చెదురుతున్న రైఫిల్ మేస్త్రీ బల్ల మీదికి వచ్చినప్పుడు ఆయన ముందు రెండు దారులుంటాయి. ఉన్న గొట్టాన్నే కోసి, తొలిచి, మూతి దిద్ది మళ్లీ పనికి తేవడం ఒకటి. దాన్ని విప్పేసి కొత్తది బిగించడం రెండోది. ఖమ్మం పొలాలు దాటి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం అడవిలోకి వెళ్లేకొద్దీ ఈ ఎంపికలో లోహశాస్త్రంతోపాటు వానాకాలం, పాత సర్కార్ల భయాలు, నేటి ఆయుధాల చట్టం కూడా పాలుపంచుకుంటాయి.

గొట్టం చేసే పని ఎంత కఠినమైందో పోలీసులు ‘త్రీ నాట్ త్రీ’ అని పిలిచే .303 రైఫిల్ లెక్కల్లో తెలుస్తుంది. ఆ తూటాను పేల్చే పొట్టి లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ గొట్టం పొడవు 640 మిల్లీమీటర్లు. లోపలి రంధ్రం వ్యాసం 7.7 మిల్లీమీటర్లు. రంధ్రం గోడ మీద ఎడమవైపు మెలితిరిగిన 5 గాడులుంటాయి. ప్రతి 254 మిల్లీమీటర్లకూ గాడి ఒక పూర్తి చుట్టు తిరుగుతుంది. గుండు రంధ్రంకన్నా కాస్త లావుగా ఉంటుంది కనుక, వెనక మందు అంటుకోగానే గాడుల మధ్య గట్లు దాని ఒంటిమీద కోసుకుపోయి దాన్ని తిప్పుతూ ముందుకు పంపుతాయి. 11 గ్రాములకు కొంచెం పైబడిన ఆ గుండు సెకనుకు 744 మీటర్ల వేగంతో బయటపడుతుంది. గాడి మెలితో లెక్కగడితే అది సెకనుకు 2,900 చుట్లకు పైగా తిరుగుతోందన్నమాట. జోరుగా తిరిగే బొంగరం పడిపోనట్టే ఆ గుండు కూడా గాలిలో పల్టీ కొట్టకుండా మొన ముందుకే ఉంచుకుని పోతుంది. ఇదంతా ముగియడానికి పట్టే కాలం సెకనులో వెయ్యో వంతుకు కాస్త ఎక్కువ. అంతలోనే లోపలి ఒత్తిడి వాతావరణ పీడనానికి దాదాపు 3,000 రెట్లకు చేరి దిగిపోతుంది.

గాడి లోతు మాత్రం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. అంత పలచని గట్లే గుండును పట్టుకోవాలి, తిప్పాలి, వెనక వాయువు పక్కలనుంచి జారిపోకుండా మూయాలి. అవి ఎక్కడ దెబ్బతిన్నాయన్న దాన్నిబట్టే బాగుచేయడమా మార్చడమా అన్నది తేలుతుంది. మేస్త్రీ పనిముట్లు దాదాపు అన్నీ లోహాన్ని తీసేవే, కలిపేవి కావు. చెడు గొట్టం చివర్లో ఉంటే చివర కోసి పారేయవచ్చు. నడుమ ఉంటే కోయడానికి దారి లేదు, రంధ్రాన్ని పెద్దది చేయడమొక్కటే మిగులుతుంది.

ఈ అడవికి రైఫిల్ ఆలస్యంగా వచ్చిన ఆయుధం. కోయలు, కొండరెడ్లు వాడింది విల్లూ బాణం. ఆ తర్వాత భర్మారు వచ్చింది. మూతిలోంచి మందు పోసి, గుండో రవ్వలో వేసి, పుల్లతో దట్టించి పేల్చే నాటు తుపాకి అది. దాని లోపల గాడులుండవు, నున్నటి గొట్టమే. పన్నెండో బోరు తుపాకి కూడా నున్నటి గొట్టమే. అందుకని ఆ రెండింటినీ రైఫిల్ అనడం తప్పు. లైసెన్సుతో దొరికే అసలు రైఫిళ్లలో .315 బాగా తెలిసినది. పోలీసుల చేతుల్లో .303 పోయి 7.62 ఎస్‌ఎల్‌ఆర్, ఆ తర్వాత 5.56 ఇన్సాస్, ఏకే రకాలు వచ్చాయి. 1948కి ముందు ఈ ప్రాంతంలో రెండు సర్కార్ల హద్దు నడిచేది. ఖమ్మం నిజాం రాజ్యంలో, భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. భద్రాచలం ప్రాంతం ఖమ్మం జిల్లాలో చేరింది 1959లో. పౌరుల చేతుల్లో ఏ రకం గొట్టం ఉండవచ్చో ఏ సర్కారుకా సర్కారు సొంతంగా నిర్ణయించుకునేది.

ముందుగా పేల్చడం వల్ల వచ్చే అరుగుదల. అది గొట్టం పొడవునా సమానంగా రాదు. తూటా కూర్చునే ఛాంబరు దాటగానే గాడులు మొదలయ్యే చోటును గొంతు అనవచ్చు. నిప్పు దెబ్బ ఎక్కువగా పడేది అక్కడే. మండే మందు ఉష్ణోగ్రత 2,500 డిగ్రీలు దాటుతుంది. గొంతులోని ఉక్కు పైపొర ఒక్క క్షణం 1,000 డిగ్రీలకు పైగా వేడెక్కి, వెనక ఉన్న చల్లని లోహం ఆ వేడిని పీల్చుకోగానే అంతే వేగంగా చల్లబడుతుంది. ఇలా వేడెక్కి చప్పున చల్లారిన ఉక్కు గట్టిపడి పెళుసవుతుంది. దాని స్ఫటికాల పరిమాణం కూడా మారుతుంది. వందల సార్లు ఇలా జరిగాక ఉపరితలం మీద సన్నని పగుళ్లు అల్లుకుంటాయి. మండిన వాయువుల్లోని కార్బన్, నైట్రోజన్ పైపొరలోకి చొరబడి దాని ద్రవీభవన స్థానాన్ని తగ్గిస్తాయి. ఆ తర్వాత వాయువు దూసుకుపోయిన ప్రతిసారీ పగుళ్ల అంచులనుంచి రేణువులు లేచిపోతాయి.

బ్రిటిష్ సైన్యం ఈ సంగతిని అనుభవం మీద నేర్చుకుంది. 1888లో లీ మెట్‌ఫోర్డ్ రైఫిల్ వచ్చినప్పుడు అందులో నల్ల తుపాకిమందే వాడారు. మెట్‌ఫోర్డ్ రూపొందించిన 7 గాడులు లోతు తక్కువగా, గుండ్రని అంచులతో ఉండేవి. నల్ల తుపాకిమందు మసి వాటిలో పేరుకోదు. ఆ తర్వాత పొగరాని కార్డైట్ వచ్చింది. తొలి కార్డైట్‌లో నైట్రోగ్లిజరిన్ పాలు 58 శాతం. ఆ మంట వేడికి మెట్‌ఫోర్డ్ గాడులు త్వరత్వరగా కరిగిపోయాయి. 1895లో ఎన్‌ఫీల్డ్ పద్ధతి గాడులు, అంటే లోతైన, చదరపు అంచుల 5 గాడులు వాటి స్థానంలోకి వచ్చాయి. తర్వాత మందునూ మార్చి నైట్రోగ్లిజరిన్‌ను 30 శాతానికి దించారు. ఒక దోషానికి గొట్టం వైపునుంచీ మందు వైపునుంచీ చికిత్స చేశారన్నమాట. దక్షిణాదిలో కార్డైట్ తయారీకి నీలగిరుల్లోని అరువంకాడులో కర్మాగారం పెట్టింది ఆ కాలంలోనే. అప్పటికి అరువంకాడు, భద్రాచలం రెండూ ఒకే ప్రెసిడెన్సీలోవి.

ఎన్ని తూటాలకు గొట్టం అరిగిపోతుందన్న ప్రశ్నకు జవాబు మందు పరిమాణాన్నీ రంధ్రం వెడల్పునూ బట్టి మారుతుంది. పెద్ద కేసులోని ఎక్కువ మందును సన్నని రంధ్రంలోంచి తోసే అతివేగపు వేట రైఫిళ్లు 1,500 నుంచి 3,000 తూటాలకే గురి కోల్పోవచ్చు. సైనిక రైఫిళ్లు అంతకు కొన్ని రెట్లు నిలుస్తాయి. మెత్తని సీసం గుండు, కొద్దిపాటి మందు వాడే .22 గొట్టం పదివేలు దాటినా కదలదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో నిప్పే లేదు కనుక గొంతు కాలడమన్న సమస్యే అక్కడ పుట్టదు.

అయితే భద్రాచలం వైపు అడవిలో గొట్టాలు కాల్పులతో చచ్చేది తక్కువ. దీనికి రంప తిరుగుబాటు లెక్కే చాలు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి 26 కార్బైన్లు, 2,500కు పైగా తూటాలు పట్టుకుపోయింది. తుపాకీకి వంద తూటాలు కూడా రావు. వేల తూటాలు కాల్చినా నిలిచే గొట్టానికి వంద తూటాల అరుగుదల లెక్కలోకి రాదు. అరుగుదలకు చాలా ముందే తూటాలు నిండుకుంటాయి. తిరుగుబాటు 1924 మే దాకా సాగింది. అంటే ఆ కార్బైన్లు అడవిలో గడపాల్సి వచ్చింది 1922 వానల మిగులును, 1923 వానాకాలాన్ని మొత్తంగానూ. కొండల్లో తిరిగే దళానికి మేస్త్రీ లేడు, మారు గొట్టం లేదు. అలాంటి చోట గొట్టానికి అసలు శత్రువు తేమ. నేటి లైసెన్సుదారు రైఫిల్ సంగతి కూడా అంతే. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం తర్వాత వేట ఆగిపోయింది. ఏడాదికి పది తూటాలు కాల్చడమే గొప్ప. ఎన్నికల ప్రకటన రాగానే స్టేషన్‌లో అప్పగించిన తుపాకి నెలల తరబడి ఆ గదిలోనే ఉంటుంది. గొట్టంలో నూనె ఆరిపోవడానికి ఆ సమయం సరిపోతుంది.

తుప్పు పట్టే తీరులో ఒక ఆసక్తికరమైన రసాయన శాస్త్రముంది. పాత .303 తూటాల్లో మందును అంటించే ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది మండగానే పొటాషియం క్లోరైడ్ అనే లవణంగా మారి గొట్టం లోపల పలచగా అతుక్కుంటుంది. పొడిగాలిలో ఈ లవణం పెద్దగా హాని చేయదు. గాలిలో తేమ 84 శాతం దాటిన వెంటనే మాత్రం అది గాలిలోంచి నీటిని లాక్కుని తనంత తాను కరిగిపోతుంది. ఉక్కు మీద ఉప్పునీటి పొర ఏర్పడుతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి లోయలో తెల్లవారుజాము గాలి ఈ హద్దు దాటడం మామూలే. రాత్రి కాల్చి తుడవకుండా పెట్టిన గొట్టంలో ఒకటి రెండు రోజుల్లోనే ఎర్రటి మచ్చలు తేలుతాయి. భర్మారు పరిస్థితి ఇంకా కష్టం. నల్ల తుపాకిమందు మండితే సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. అందులోని పొటాషియం కార్బనేట్ 43 శాతం తేమ దగ్గరే నీరు పీలుస్తుంది. వానాకాలం దాకా ఆగనక్కర్లేదు, శీతాకాలపు మంచు చాలు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు నూనె మీద నమ్మకం. లవణం నూనెలో కరగదు. ఉప్పు మీద నూనె పూస్తే తుప్పును లోపల దాచి మూత పెట్టినట్టే. నీళ్లలో మాత్రం లవణం ఇట్టే కరుగుతుంది. బ్రిటిష్ సైనికులు గొట్టంలో మరిగే నీళ్లు పోసి కడిగేవారు. వేడికి గొట్టం తనంతట తానే ఆరేది, ఆ పైన నూనె పూసేవారు. ఆధునిక తూటాల్లో క్లోరేట్ లేని ప్రైమర్లు వాడుతున్నందున ఈ బెడద చాలావరకు తగ్గింది. పాత సరుకు తూటాల విషయంలో మాత్రం వేడినీళ్ల పద్ధతిని మించింది లేదు.

తుప్పు పైపైన ఉన్నప్పుడు గొట్టం లోపల మసకగా కనిపిస్తుంది గానీ గురి పెద్దగా పోదు. గుంటలు పడితే కథ వేరు. గుంటల్లో గుండు రాగి తొడుగు గీరుకుని రాగి పేరుకుంటుంది, తేమ నిలుస్తుంది, తుప్పు మళ్లీ మొదలవుతుంది. అయినా గుంటలు చూసి కంగారుపడి గొట్టం పారేయడం తొందరపాటు. గొంతు, మూతి బాగుండి నడుమ కొద్దిపాటి గుంటలున్న పాత .303 గొట్టాలు తీరుగానే కాల్చిన సందర్భాలు కొల్లలు. లోపల అద్దంలా మెరుస్తూ మూతి దగ్గర అంచు అరిగిన గొట్టం అంతకన్నా అధ్వానం.

మూతికి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, గుండు గొట్టాన్ని చివరగా తాకేది అక్కడే. గుండు బయటపడిన మరుక్షణం దాని వెనకనుంచి వాయువు దానికన్నా వేగంగా చుట్టూ ఎగజిమ్ముతుంది. మూతి అంచు నాలుగు వైపులా ఒకేలా ఉంటే ఆ తోపు సమంగా పడుతుంది. ఒకవైపు నొక్కు ఉంటే వాయువు అటునుంచి ముందుగా తప్పించుకుని గుండు తోకను పక్కకు నెడుతుంది. వంద మీటర్ల దూరంలో అది కంటికి తెలిసేంత తేడాగా మారుతుంది. మూతి అరుగుదల ఎక్కువసార్లు శుభ్రం చేయడంలోంచే వస్తుందంటే ఆశ్చర్యమే. పాత రోజుల్లో గొట్టంలోంచి గుడ్డ కట్టిన తాడును లాగేవారు. తాడును నిటారుగా కాక ఓరగా లాగితే మూతి అంచును రంపంలా కోస్తుంది. తాడుకు గోదావరి ఇసుక అంటితే మరీ ఘోరం, ఇసుకలోని క్వార్ట్జ్ గొట్టం ఉక్కుకన్నా గట్టిది. రంధ్రం గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది.

ఇలాంటి మూతి దోషానికి బాగుచేతే సరైన వైద్యం. లేత్ మీద గొట్టాన్ని రంధ్రం కేంద్రానికి సరిగ్గా తిప్పుతూ మూతినుంచి కొన్ని మిల్లీమీటర్లు తీసి అంచును కొత్తగా దిద్దుతారు. బయటి పొడవు తగ్గకూడదనుకుంటే మరో పద్ధతి ఉంది. చివరి ఒకటి రెండు సెంటీమీటర్ల గాడులను మాత్రం కొంచెం వెడల్పు రంధ్రంగా తొలిచేస్తారు. గుండు ఆఖరిసారి తాకే చోటు లోపలికి జరుగుతుంది, బయట రైఫిల్ ఎప్పటిలాగే ఉంటుంది. సైన్యంలో తుపాకులు బాగుచేసే ఆర్మరర్లు అరిగిన రైఫిళ్లను ఇలా మళ్లీ వాడుకలోకి తెచ్చేవారు. పొడవు తగ్గినందుకు వేగంలో నష్టం కూడా స్వల్పమే. ఈ తరహా రైఫిళ్లలో అంగుళానికి సెకనుకు 6 నుంచి 10 మీటర్ల దాకా పోతుంది. ముందు గురికర్ర కదిలితే మాత్రం గురి మళ్లీ సరిచూసుకోవాలి.

గొంతు అరిగినప్పుడు కూడా కొన్ని రైఫిళ్లలో బాగుచేత సాధ్యమే. గొట్టాన్ని విప్పి, వెనకవైపు కొంత కోసి, మరలు మళ్లీ వేసి, ఛాంబర్‌ను ముందుకు జరిపి తొలుస్తారు. కాలిన గొంతు కోతలో పోతుంది. గురికర్రలు, ఇతర అమరికలు గొట్టానికే బిగించి ఉన్న సైనిక రైఫిళ్లలో ఇది చిక్కు. గొట్టం వెనక్కి జరిగితే ఆ అమరికలన్నీ తిరిగిపోతాయి. వాయువు శక్తితో తనంతట తాను తూటా మార్చుకునే ఎస్‌ఎల్‌ఆర్, ఇన్సాస్‌లలో మూతి కోత కూడా చేయరాని పని. వాయువు తీసుకునే రంధ్రం దాటాక గుండు గొట్టంలో ఎంతసేపు ఉంటుందన్న దాని మీదే ఆ యంత్రం ఆధారపడి ఉంటుంది.

మిగిలేది రంధ్రాన్ని పెద్దది చేయడం. గొట్టం గోడ మీద పడే బలం రెండు దిక్కుల్లో పనిచేస్తుంది. పలచని గోడ గొట్టంలో, చుట్టుకొలత దిశలో చీల్చే బలం పొడవు దిశలో లాగే బలానికి రెట్టింపు. అందుకే పేలిన గొట్టం అడ్డంగా తెగక నిలువునా చీలుతుంది. నీళ్ల పైపుతో చేసిన భర్మారు పైపు అతుకు వెంబడే విచ్చుకోవడానికీ కారణమిదే. రంధ్రం వెడల్పు పెరిగితే ఆ బలం పెరుగుతుంది, గోడ మందం తగ్గినా పెరుగుతుంది. తొలిచే పని ఈ రెండింటినీ ఒకేసారి చేస్తుంది.

దీనికి చరిత్రలో సాక్ష్యం భారతదేశంలోనే దొరుకుతుంది. 1857 తిరుగుబాటు తర్వాత భారత సిపాయిల చేతుల్లో దూరంగా గురి చూసి కొట్టే రైఫిల్ ఉండకూడదని బ్రిటిష్ సర్కారు నిశ్చయించింది. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ రంధ్రం .577 అంగుళాలు. దాని గాడులు పోయేలా .656 అంగుళాలకు తొలిచి నున్నటి గొట్టంగా మార్చారు. దాన్ని 1858 నమూనా అన్నారు. వ్యాసంలో 2 మిల్లీమీటర్ల పెరుగుదల, అంటే చుట్టూ గోడలో మిల్లీమీటరు చొప్పున లోహం పోయింది. ఫలితం వెంటనే కనబడింది. పలచబడ్డ గొట్టాలు ఉబ్బడం, వంగడం మొదలైంది. మరుసటి సంవత్సరమే మందపు గోడతో కొత్తగా తయారుచేసిన గొట్టంతో 1859 నమూనా తేవలసి వచ్చింది. చవగ్గా అయిపోతుందనుకున్న మార్పు ఏడాది తిరక్కుండా కొత్త గొట్టం ఖర్చునే మోసుకొచ్చింది. సర్కారు అనుమానం మాత్రం అక్కడితో ఆగలేదు. 20వ శతాబ్దంలో ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ లీ ఎన్‌ఫీల్డ్‌లను గాడులు లేని .410 గొట్టంతో, తూటాల పెట్టె మూసేసి, ఒక్కో తూటా పెట్టి కాల్చే మస్కెట్లుగా మార్చింది. అవి పోలీసులకు, జైలు కాపలాదారులకు. పౌరులకు సైనిక .303 నిషేధమై, 8 మిల్లీమీటర్ల రంధ్రపు .315 మిగిలింది. ఇషాపూర్ .315 రైఫిల్ యంత్రాంగం లీ ఎన్‌ఫీల్డ్‌దే. రెండింటి మధ్య ముఖ్యమైన తేడా గొట్టం, ఛాంబరు. చట్టం దృష్టిలో రైఫిల్ జాతిని తేల్చేది లోపలి రంధ్రమే.

తొలిచిన రంధ్రంలో కొత్త ఉక్కు గొట్టాన్ని తొడిగి అతికించే పద్ధతి కూడా ఉంది. లోహం కలిపే ఏకైక బాగుచేత ఇదే. .22 లాంటి తక్కువ ఒత్తిడి రైఫిళ్లకు, పాత అపురూపమైన తుపాకులకు ఇది పనికొస్తుంది. ఎక్కువ ఒత్తిడి తూటాలకు దీన్ని నమ్ముకోకపోవడం మేలు.

బాగుచేతకు అసలే లొంగని దోషం ఉబ్బు. గొట్టంలో అడ్డు ఉన్నప్పుడు కాలిస్తే గుండు ఆ అడ్డును ఢీకొన్న చోట ఒత్తిడి ఒక్కసారిగా ఎగిసి గోడ ఉంగరంలా బయటికి పొంగుతుంది. అడ్డు పెద్దదే కానక్కర్లేదు. ఒండ్రుమట్టి, మూతిలో నిలిచిన వాననీళ్లు, మరిచిపోయిన గుడ్డముక్క చాలు. నెలల తరబడి గోడకు ఆనించిన తుపాకి మూతిలో కందిరీగ మట్టిగూడు కట్టడం పల్లెల్లో కొత్తకాదు. ఉబ్బు మూతి అంచునే ఉంటే కోసేయవచ్చు. నడుమ ఉంటే ఆ గొట్టం పని అయిపోయినట్టే, బయటినుంచి సుత్తితో కొట్టి సరిచేసినా సాగిన ఉక్కుకు పాత బలం రాదు.

గొట్టం మార్చడం చూడటానికి మర విప్పి మర బిగించే పనిలా ఉంటుంది. అసలు పని బిగించాక మొదలవుతుంది. తూటా అడుగుకూ బోల్టు ముఖానికీ మధ్య ఎంత సందు ఉండాలన్నది ప్రతి రైఫిల్‌కూ కొలిచి చూడాలి. లీ ఎన్‌ఫీల్డ్‌లో తూటా అంచుకు వదిలే చోటు .064 నుంచి .074 అంగుళాల మధ్య ఉండాలి. సందు ఎక్కువైతే పేలినప్పుడు ఇత్తడి కేసు వెనక్కి సాగి అడుగు దగ్గర తెగిపోతుంది, మండే వాయువు కాల్చేవాడి ముఖం వైపు వస్తుంది. తక్కువైతే బోల్టు మూయదు. దీన్ని సరిచేసుకోవడానికే ఆ రైఫిల్ నంబర్ 4 రకానికి బోల్టు తలలను 0 నుంచి 3 దాకా నాలుగు సైజుల్లో తయారుచేశారు. సందు కుదిరాక మామూలుకన్నా ఎక్కువ ఒత్తిడి పుట్టించే పరీక్ష తూటా కాల్చి, మళ్లీ కొలిచి చూడాలి. ఊరి లేత్ షాపులో ఆ గేజీలూ ఉండవు, ఆ తూటాలూ ఉండవు.

కొత్త గొట్టం వేస్తే ఏ తూటానైనా తట్టుకుంటుందనుకోవడమూ పొరపాటే. 1960లలో ఇషాపూర్ లీ ఎన్‌ఫీల్డ్ నమూనాను 7.62 తూటాకు తెచ్చినప్పుడు పాత రైఫిళ్లకు కొత్త గొట్టాలు బిగించి ఊరుకోలేదు. ఎక్కువ ఒత్తిడికి తగినట్టు మరింత గట్టి ఉక్కుతో రైఫిల్‌నే కొత్తగా తయారుచేసింది. అవే 2ఏ, 2ఏ1 రైఫిళ్లు. బ్రిటన్ ఇంకో దారి పట్టింది. తన బలమైన లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 స్నైపర్ రైఫిళ్లకు బరువైన కొత్త గొట్టం బిగించి 1970లో ఎల్42ఏ1 గా వాడుకలోకి తెచ్చింది.

ఇన్సాస్, ఏకే గొట్టాల లోపల క్రోమియం పూత ఉంటుంది. క్రోమియం తుప్పు పట్టదు, వేడిని తట్టుకుంటుంది, ఈ వానల ప్రాంతానికి అంతకన్నా మంచి ఏర్పాటు లేదు. కానీ పూత ఎక్కడో ఊడితే దాన్ని పోసి పూడ్చలేం. అంత గట్టి పూతను మామూలు పనిముట్లతో శుభ్రంగా కోయడం కూడా కష్టం. కనుక జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వ్ ఆర్మరర్ చేతికి అలాంటి రైఫిల్ వస్తే ఆలోచించే పని ఉండదు. గేజీ పెట్టి చూసి, హద్దు దాటితే గొట్టం మార్పించడమే. తేలికపాటి మెషిన్‌గన్లలో అయితే మార్చడం మరమ్మతు కూడా కాదు. బ్రెన్ గన్‌కు మొదటినుంచీ మారు గొట్టం తోడుగా ఇచ్చేవారు. ఒకటి వేడెక్కగానే క్షణాల్లో రెండోది తగిలించి కాల్పులు సాగించేవారు.

పౌరుడి రైఫిల్ విషయంలో చట్టం ఈ సాంకేతిక లెక్కను చాలావరకు ముందే తేల్చేస్తుంది. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకీని తయారుచేయడమే కాదు, రిపేరు చేయడానికీ, పరీక్షించడానికీ లైసెన్సు కావాలి. 6వ సెక్షన్ లైసెన్సు లేకుండా గొట్టాన్ని పొట్టిచేయడాన్ని ప్రత్యేకంగా నిషేధిస్తుంది. 2019 సవరణ ఒక వర్గం తుపాకీని మరో వర్గంలోకి మార్చడాన్నీ అందులో చేర్చింది. ఉల్లంఘనకు శిక్ష ఏడేళ్లకు తగ్గకుండా యావజ్జీవం దాకా. పొట్టిగా కోసిన తుపాకి దాచుకోవడానికి వీలుగా ఉంటుందన్న భయం దీని వెనక ఉంది. ఆ భయంలో అర్థముంది. కానీ అరిగిన మూతిని నాలుగు మిల్లీమీటర్లు దిద్దే పని కూడా అదే కాగితం కింద నడవాలి. అందువల్ల అడవి అంచు ఊళ్లోని .315 యజమానికి సరైన దారి లైసెన్సు పొందిన డీలరు దగ్గరికి, లేదా తయారీదారు దగ్గరికి రైఫిల్ పంపడం. దగ్గర్లోని లేత్ మేస్త్రీ ఎంత నైపుణ్యం గలవాడైనా, లైసెన్సు లేకుంటే దాన్ని ముట్టుకున్న క్షణం నేరమే.

డీలరు దగ్గర వాస్తవంగా జరిగే పరిశీలనకు ఒక క్రమం ఉంటుంది. గొట్టాన్ని రాగి మసి పూర్తిగా పోయేదాకా కడుగుతారు. పోయిన గురి చాలాసార్లు ఇక్కడే తిరిగి వస్తుంది, కనుక ఈ మెట్టు దాటకుండా కోత మాట ఎత్తకూడదు. ఆ తర్వాత కుందా మరలు వదులయ్యాయా, వానకు చెక్క ఉబ్బి గొట్టాన్ని ఒకవైపు నొక్కుతోందా అన్నది చూస్తారు. అదీ గొట్టం తప్పు కాదు. అప్పుడు మూతిని భూతద్దంతో, గొంతును గేజీతో, లోపలంతా సన్నని కెమెరాతో పరిశీలిస్తారు. దోషం మూతిలోనే ఉంటే దిద్దుతారు. గొంతు కాలి, గుంటలు లోతుగా ఉండి, లేదా ఎక్కడైనా ఉబ్బు కనబడితే మార్చమంటారు. కొత్త గొట్టం ఖర్చు ఎక్కువ, ఎదురుచూపూ ఎక్కువ. అయినా పాత రంధ్రాన్ని పెద్దదిగా తొలిపించుకోవడం ఇక్కడ ప్రత్యామ్నాయం కాదు. బోరు మారితే లైసెన్సులో రాసిన తుపాకి వేరు, చేతిలోని తుపాకి వేరు అవుతుంది.

మార్చాక రెండు పనులు మిగులుతాయి. తయారీదారు పేరు, నంబరు వంటి గుర్తులను చెరపడం, మార్చడం 8వ సెక్షన్ కింద నేరం. కనుక కొత్త గొట్టం మీది గుర్తులు డీలరు రికార్డులోనూ లైసెన్సులోనూ సరిపోలాలి. రెండోది విప్పిన పాత గొట్టం. చట్టంలోని నిర్వచనం ప్రకారం తుపాకి భాగాలు కూడా తుపాకులే. తుప్పు పట్టి పనికిరానిదైనా, బోల్టూ కుందా లేని ఒట్టి ఉక్కు ముక్కైనా దాన్ని అటక మీద పెట్టుకోవడానికో పాత ఇనుము వ్యాపారికి అమ్మడానికో వీల్లేదు. లైసెన్సున్న డీలరుకు గానీ దగ్గరి పోలీసు స్టేషన్‌కు గానీ అప్పగించి రసీదు తీసుకోవాలి.